ఇరవై మూడోసారి చెప్పిన 'లేదు'

ముందుగా పోయినవాటి లెక్క రాస్తాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా హోటల్లో ఆరో నంబరు టేబుల్ మీద ఐదు ప్లేట్ల భోజనం పోయింది. అందులో నాలుగు ముట్టనే లేదు. ఐదోది ఆరేళ్ల పిల్లది, మూడు ముద్దలు తిన్నది. హడావుడిలో కిందపడి ఒక స్టీలు గ్లాసు సొట్టబోయింది. పిల్ల ఎడమ కాలి చెప్పు టేబుల్ కింద ఉండిపోయింది. నా నోటి మూలంగా పదకొండు నిమిషాలు పోయాయి. ఆ పిల్లకు ఆసుపత్రిలో ఒక పగలు, ఒక రాత్రి పోయాయి. ఆ కుటుంబం నెలకొకసారి మా హోటలుకు వచ్చేది. ఆ తరవాత వరసగా పద్నాలుగు నెలలు రాలేదు కాబట్టి అలాంటి ఆదివారాలు పద్నాలుగు పోయాయి. నా మాట మీద వాళ్లకున్న నమ్మకం కూడా పోయింది. దాన్ని ఏ కొలతలో రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

పిల్ల దక్కింది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. హోటల్ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం రాస్తున్నది ఇది. వాళ్లు చివర్లో ఏమవుతుందోనని కాకుండా, ఎక్కడ తప్పు జరిగిందోనని చదవాలి.

నా పని

పదో తరగతి తప్పాక కొత్తపేటలో ఒక మెస్సులో సరుకులు తూచి ఇచ్చే పనికి కుదిరాను. లెక్క నాకెవరూ నేర్పలేదు. ఎంత వండారు, ఎంత మిగిలింది, ఎంత పారబోశారు అని రోజూ నోటుబుక్కులో రాసుకుంటూ పోతే అదే వచ్చింది. తరవాత అమలాపురంలో ఫ్యామిలీ రెస్టారెంటుకు మేనేజరుగా వచ్చి, మోకాళ్లు ఇక వద్దనేదాకా అక్కడే చేశాను. యాభై ఆరో ఏట మానేశాను.

పెళ్లి ముహూర్తాలున్న ఆదివారం మాకు జనం మూడో వంతు తగ్గుతారు. వాన పడితే బిరియానీ తగ్గి కూర భోజనాలు పెరుగుతాయి. నూట ఎనభై మందికి వండిన రోజు నూట డెబ్బై ఆరుగురు వస్తే ఆ రోజు నాకు కడుపు నిండినట్టు ఉండేది. పారబోత తగ్గించడమే నా పని అనుకునేవాడిని. వంటవాళ్లు వెనకాల నన్ను 'తక్కెడ' అనేవారు. విని విననట్టు ఊరుకునేవాడిని. నిజానికి నాకు ఆ పేరు ఇష్టమే.

మా యజమాని గంగరాజు గారు కొబ్బరి వ్యాపారం నుంచి ఈ పనిలోకి వచ్చిన మనిషి. ఆయన మాకు నేర్పింది ఒకటే. మెట్టెక్కిన మనిషికి లేదు, కాదు, తెలీదు అనే మూడు మాటలు వినపడకూడదు. "మన వైపు మర్యాద కోసం వస్తారయ్యా జనం. కూర ఇంట్లోనూ ఉంటది," అనేవారు. ఎవరేమడిగినా ముందు "ఆయ్" అనడం, తరవాత లోపలికెళ్లి చూసుకోవడం మా సప్లయర్లందరికీ అలవాటు. కొసరి వడ్డించడంలోనూ, ముఖం ముడవకుండా జవాబు చెప్పడంలోనూ మాకు మించినవాళ్లు లేరని నేనూ గర్వపడేవాడిని. ఆ మర్యాద వల్లే ఒక పిల్ల ప్రాణం మీదికి వచ్చింది.

ఆరో నంబరు టేబుల్

ప్రకాశం గారు మామిడికుదురు దగ్గర హైస్కూల్లో టీచరు. ఆయన భార్య సునీత గారు ప్రైమరీ స్కూల్లో టీచరు. ప్రతి నెలా మొదటి ఆదివారం చర్చి అయ్యాక, ఆయన తల్లినీ, కొడుకునీ, చిన్నపిల్ల షారోనునీ తీసుకుని మా హోటలుకు వచ్చేవారు. షారోనుకు మూడేళ్లప్పుడు బంధువులింట్లో జీడిపప్పు పాకం ముక్క కొరికితే ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరి అందలేదట. అప్పటినుంచి జీడిపప్పూ పిస్తా తగలకూడదని డాక్టరు చెప్పారు. మా కోనసీమలో జీడిపప్పు వాడకం ఎంతో మీకు తెలుసు. రాజోలు వైపు నుంచి బస్తాలు దిగుతాయి. పులావులో, పాయసంలో, ఉప్మాలో కూడా వేయకపోతే చుట్టాలు ఏమనుకుంటారోనని వేస్తారు. అలాంటి చోట ఆ పిల్లను బయట భోజనానికి తీసుకురావడం వాళ్లకు చిన్న సంగతి కాదు. నెలంతా ఇంట్లో తిని, ఒక్క పూట నలుగురితో పాటు టేబుల్ ముందు కూర్చుంటుంది. ఆ ఒక్క పూటా మా దగ్గర.

వచ్చిన ప్రతిసారీ అడిగేవారు. మొదటి పదమూడు సార్లు సునీత గారు అడిగారు. ఆ తరవాత పిల్లకే అలవాటు చేశారు, పెద్దయ్యాక తనే అడుక్కోవాలి కదా అని. షారోను కుర్చీలో నిటారుగా కూర్చుని నాకేసి చూసేది.

"అంకుల్, ఈవేళ కోడికూరలో జీడిపప్పు ఉందాండీ?"

"లేదమ్మా."

"గుండ కూడా లేదు కదండీ?"

"గుండ కూడా లేదు."

అప్పుడు తినేది. మా సాదా కోడికూరలో గ్రేవీకి వాడేది కొబ్బరి, గసగసాలు. నేను చెప్పింది నిజమే. అలా ఇరవై రెండు సార్లు నిజం చెప్పాను.

కొబ్బరి బదులు

ఆ ఏడు ఎండలు ముదిరాక గ్రేవీ పులిసిపోవడం మొదలైంది. పొద్దున్న ఆరింటికి రుబ్బిన కొబ్బరి ముద్ద మధ్యాహ్నం రెండింటికి వాసన వచ్చేసేది. రోజుకు నాలుగు కిలోలు పారబోత. నా పుస్తకంలో ఆ నాలుగు చూస్తే నాకు నిద్ర పట్టేది కాదు. కొబ్బరి మానేసి జీడిపప్పు ముక్కలు నానబెట్టి రుబ్బితే సాయంత్రం దాకా నిలుస్తుందని లెక్క వేశాను. బుధవారం నుంచి నేనే రెండు కిలోలు తూచి వంట మాస్టరు సత్తిబాబుకు ఇచ్చాను. బుధ, గురు, శుక్ర, శని నాలుగు రోజులూ పారబోత సున్నా. గంగరాజు గారు పుస్తకం చూసి, "నిన్ను కాలేజీలో చదివించాల్సిందయ్యా," అన్నారు.

ఇక్కడ జాగ్రత్తగా చదవండి. నా పుస్తకంలో జీడిపప్పు రెండు చోట్ల ఉండేది. పులావు, స్వీట్ల పేజీలో 'జీడిపప్పు' అని రాసేవాడిని. గ్రేవీ పేజీలో మాత్రం కొబ్బరి, గసగసాలు ఉన్నప్పటినుంచీ పైన ఉన్న తలకట్టు 'చిక్కదనం'. దాని కింద కొత్తగా రెండు కిలోలు అని రాశాను. నా బుర్రలో ఆ రెండు కిలోలు పప్పు కాదు, నాలుగు కిలోల నష్టానికి విరుగుడు. తూచింది నేనే. నాలుగు రోజుల తరవాత 'లేదు' అన్నదీ నేనే. మధ్యలో ఆ రెండూ ఒక్కసారి కూడా కలుసుకోలేదు.

ఆదివారం షారోను అడిగింది. "గుండ కూడా లేదు కదండీ?" అని కూడా అడిగింది. నేను నవ్వుతూ, "నువ్వొస్తావని తీసి దాచేశానమ్మా," అన్నాను. అది ఇరవై మూడోసారి.

పదకొండు నిమిషాలు

మూడో ముద్ద తరవాత పిల్ల చెంచా కింద పెట్టి, "అమ్మా, నోరు దురదగా ఉంది," అంది. సునీత గారు వెంటనే పిల్ల పెదాలు చూశారు, ఆ వెంటనే నన్ను చూశారు.

"కూరలో ఏం వేశారండీ?"

"ఏమీ లేదండీ. ఎప్పటి కూరే."

"జీడిపప్పు లేదు కదండీ?"

"లేదండీ. నేను చెప్తున్నాను కదండీ."

పిల్లకు దగ్గు మొదలైంది. పెదవి వాచింది. ప్రకాశం గారు ఎత్తుకుని పరుగెత్తారు. వాళ్లు ఆసుపత్రికి చేరేలోగా నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. గ్లాసు ఎత్తించి టేబుల్ తుడిపించాను. చేప ముల్లేదైనా అడ్డుపడిందేమోనని సప్లయరుతో అన్నాను. ఆ టేబులుకు చేప వెళ్లనే లేదు.

ఫోను వచ్చింది. ప్రకాశం గారు చాలా మెల్లగా మాట్లాడారు. "డాక్టరు గారు అడుగుతున్నారండీ. జీడిపప్పు కాకపోతే ఇది ఆయాసమేమోనంటున్నారు. లోపల కనుక్కుని చెప్పండి."

మళ్లీ లేదనే అన్నాను. ఆయన, "నా కోసం ఒకసారి లోపలికెళ్లండి," అన్నారు. ఆయన కోసమని వెళ్లాను.

సత్తిబాబు గ్రైండరు కడుగుతున్నాడు. నేను అడిగింది విని చెయ్యి ఆపాడు.

"బుధవారం నుంచి మీరే కదండీ తూచి ఇస్తున్నారు. రెండు కిలోలు. నానబెట్టిన గిన్నె అదిగోనండీ. ఇంకేం జీడిపప్పు కావాలండీ?"

ఫోను చేతిలోకి తీసుకునేసరికి గంగరాజు గారు వంటింటి గుమ్మంలో ఉన్నారు. "ఆగవయ్యా. వైద్యం చేసేది డాక్టరు, నువ్వు కాదు. ఫోన్లో ఒప్పుకున్నావంటే రేపు కాగితం మీదా ఒప్పుకోవాలి," అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. నేనూ భయపడి అక్కడే నిలబడ్డాను. తరవాత ఫోను చేశాను.

"ఉందండీ. గ్రేవీలో ఉంది. రెండు కిలోలు."

రెండు కిలోలు అని ఎందుకన్నానో తెలియదు. ఆయన "సరేనండీ," అని పెట్టేశారు. అప్పుడు తొడకు సూదిమందు ఇచ్చారట.

లెక్క ఇది. టేబుల్ దగ్గర లేదు లేదంటూ రెండు నిమిషాలు, ఫోను వచ్చేదాకా అయిదు, ఫోన్లో మళ్లీ లేదని చెప్పి వంటింట్లో నిజం తెలుసుకునేసరికి మూడు, గుమ్మంలో ఒకటి. మొత్తం పదకొండు. చాలా ఏళ్లు నేను యజమానిని తప్పు పట్టాను. ఆయన వాటా ఒక నిమిషం. పది నావి.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్లాను. పిల్ల నిద్రపోతోంది. వరండా బెంచీ మీద సునీత గారు కూర్చున్నారు. గొంతు పెంచలేదు.

"ఉందో లేదో తెలీదంటే పిల్లకి పెరుగన్నం పెట్టుకునేవాళ్లం కదండీ. తెలీదని చెప్పడానికి ఏం అడ్డొచ్చిందండీ మీకు?"

"వెళ్లండి," అన్నారు. వచ్చేశాను.

అరవై నాలుగు వంటకాలు, ఏడు గరిటెలు

షారోను చెప్పు స్టోరు గదిలో అలమరలో పెట్టాను. తీసుకెళ్లి ఇవ్వడానికి ధైర్యం చాలక ఇంకో పని పెట్టుకున్నాను. మా మెనూలో ఉన్న అరవై నాలుగు వంటకాల్లో జీడిపప్పు ఎన్నింట్లో ఉందో రాయడం. పన్నెండు ఉంటాయనుకున్నాను. ఇరవై తొమ్మిది తేలాయి. కొన్నవాటిలో, బయటి నుంచి వచ్చే మసాలా పొడుల్లో, పైన చల్లేవాటిలో అన్నిట్లోనూ వెతికాను. పదో నెలలో ఆ జాబితా శుభ్రంగా రాసి, చెప్పు కూడా పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను.

ప్రకాశం గారి తల్లి తలుపు తీశారు. ఎవరో గుర్తుపట్టి కూడా, "లోపలికి రా బాబూ, ఎండలో వచ్చేవు, ముందు మంచినీళ్లు తాగు," అన్నారు. గ్లాసు ఖాళీ చేసి చెప్పు తీశాను. చెప్పు చూసి షారోను నవ్వింది. కాలు పెట్టి చూపించింది. రెండు వేళ్లు చిన్నదైపోయింది.

సునీత గారు జాబితా మొదటి నుంచి చివరి దాకా చదివారు.

"బాగుందండీ. మీ వంటింట్లో గరిటెలెన్నండీ?"

"ఏడండీ."

"అరవై నాలుగు వంటకాలకి ఏడు గరిటెలా?"

జీడిపప్పు కూరలో తిప్పిన గరిటె నీళ్లలో ముంచి పక్క కూరలో పెడతారు. గ్రైండరు ఒకటే. నూనె మూకుడు ఒకటే. నేను రాసుకెళ్లిన ఇరవై తొమ్మిది తప్పు, అరవై నాలుగూ లెక్కలోకి వస్తాయి. ఇన్నేళ్లు సరుకును లెక్కపెట్టాను కానీ సరుకు ఎక్కడెక్కడ నడిచిందో లెక్కపెట్టలేదు.

తిరిగొచ్చి కొత్త గరిటెలు కొనాలన్నాను. సత్తిబాబు ఊరుకోలేదు. "ఓ పిల్ల కోసం కొత్త గరిటెలాండీ? రేపు ఇంకో పిల్లకి పెరుగు పడదంటే గేదెని మారుద్దామాండీ?" అన్నాడు. వంటింట్లో అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. అయినా కొన్నాను. ఆకుపచ్చ పిడి ఉన్న గరిటె, వేరే మూకుడు, ఆ గరిటె తగిలించడానికి వేరే మేకు. నెలరోజులు కాపలా కాసి చూశాను. రద్దీ వేళ ఆ గరిటె తొమ్మిది సార్లు తప్పు గిన్నెలోకి వెళ్లింది. సత్తిబాబు నిర్లక్ష్యం కాదు. నాలుగు పొయ్యిల మీద నూట ఎనభై మందికి వండే చెయ్యి అలాగే నడుస్తుంది.

పద్నాలుగో నెలలో మళ్లీ వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "మా వంటింట్లో పాప తినడానికి ఏదీ నేను హామీ ఇవ్వలేనండీ. కానీ టేబుల్ ఉంది. పాపకు ఇంటినుంచి డబ్బా తెచ్చుకోండి."

సునీత గారు మొదటిసారి నా ముఖంలోకి సరిగా చూశారు. "ఇది నమ్మొచ్చండీ," అన్నారు.

'పడదు' అన్నవాళ్లు

ఈ పనిలో కొన్నాళ్లుంటే మీకు చిరాకు పుడుతుంది. వంకాయ ఇష్టం లేనివాడు వంకాయ పడదంటాడు. ఉల్లి పడదన్నావిడ పక్క ప్లేటులో పకోడీ తింటుంది. సప్లయర్లు చాటున నవ్వుకుంటారు. నవ్వుకోండి, కానీ పరీక్ష పెట్టకండి. అబద్ధం చెప్పినవాణ్ని నమ్మితే మీకు పోయేది ఒక గరిటె కడిగే శ్రమ. నిజం చెప్పినవాణ్ని నమ్మకపోతే ఏం పోతుందో మొదట్లోనే రాశాను.

ఇంకొకాయన, రొయ్యల చెరువులున్న మనిషి, తొమ్మిది మందితో వచ్చారు. ఆయన కొడుక్కి రొయ్య తింటే గొంతు వాస్తుందట. వాళ్ల నాయనమ్మ ఒప్పుకోవడం లేదు. "రొయ్యల చెరువున్నోడి కొడుక్కి రొయ్య పడకపోవడం ఏంట్రా, తినిపించక అలా అయ్యేడు," అంటోంది. ఆయన నలిగిపోయి, వాడికి బంగాళాదుంప వేపుడు చాలన్నారు. నేను, "అదీ రొయ్యలు వేయించిన నూనెలోదేనండీ. కొత్త నూనె పెట్టిస్తాను, అరగంట పడుతుంది," అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. తొమ్మిది మందీ లేచి వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు. గంగరాజు గారు, "ఒక్క మాటతో తొమ్మిది మందిని పంపేశావు, నీ అంత మొనగాడు లేడయ్యా," అన్నారు. ఆ తొమ్మిదిని నేను నష్టం కింద రాయలేదు.

డబ్బా

గుమ్మం పక్కన 'బయటి పదార్థములు లోనికి తేరాదు' అని బోర్డు ఉండేది. దాన్ని తీయనని గంగరాజు గారు పట్టుబట్టారు. ఒకళ్లకి ఒప్పుకుంటే అందరూ క్యారేజీలు తెస్తారన్నారు. బోర్డు ఉండనివ్వండి, ఆరో నంబరు టేబులుకు అది వర్తించదని నేను చెబుతాను అన్నాను. ఆయన, "నువ్వు పారబోత చూసుకోవయ్యా, చాలు," అని వెళ్లిపోయారు. ఆయన అంగీకారం అలాగే ఉంటుంది.

మొదటి ఆదివారం షారోను స్టీలు డబ్బా ఒళ్లో పెట్టుకుని వచ్చింది. మూత తీయడానికి చుట్టూ చూసింది. పక్క టేబులు పిల్లలు చూస్తున్నారు. అప్పుడు నాకు తోచింది. ప్లేటు ఒకటి నేనే కొత్త సబ్బుతో కడిగి, మరిగిన నీళ్లు పోసి, తుడవకుండా ఆరబెట్టి తెచ్చాను. డబ్బాలో ఉన్నది వాళ్లమ్మ చేత ఆ ప్లేటులో పెట్టించాను. చూసేవాళ్లకు ఐదుగురూ హోటల్ ప్లేట్లలో తింటున్నట్టే ఉంది. అప్పటినుంచి ఆ ప్లేటు నా బల్ల సొరుగులో ఉండేది.

పదోసారి వచ్చినప్పుడు షారోను చెయ్యి కడుక్కుని నా దగ్గరకొచ్చింది. "అంకుల్, ఇక్కడ కూర్చుని ఇంటి అన్నం పదిసార్లు తిన్నానండీ. అంటే మీరు నాకు పది భోజనాలు బాకీయండీ."

"ఆయ్, రాసుకున్నానమ్మా," అన్నాను. నిజంగానే రాసుకున్నాను. వాళ్లు రాలేని నెలలు పోను, నాలుగున్నరేళ్లలో అవి నలభై ఒకటి అయ్యాయి.

కొబ్బరి

మానేసే నెలలో ఆ పిల్లకు ఒక్క పూట నా చేతి మీదుగా పెట్టాలనుకున్నాను. మూడు రోజుల ముందే సునీత గారికి ఫోను చేసి జాబితా చదివాను. కోడి, ఉల్లి, అల్లం, వెల్లుల్లి, ఉప్పు, మా ఇంట్లో దంచిన కారం, పసుపు, సీలు తీయని నూనె, కొబ్బరి. తొమ్మిది. మసాలా పొడి లేదు. ఆమె ఆరు ప్రశ్నలు అడిగారు. నాలుగింటికి జవాబు చెప్పాను. పసుపు ఎక్కడ ఆడించారు, కోడి కొట్టే చోట కత్తి దేనికి వాడతారు, ఈ రెండింటికీ, "తెలీదండీ, కనుక్కుని చెబుతాను," అన్నాను. మర్నాడు కనుక్కుని చెప్పాను. అప్పుడు సరేనన్నారు.

ఆదివారం పొద్దున్న హోటల్లో పొయ్యి వెలిగించకముందే వెళ్లి, పెరట్లో వేరే పొయ్యి పెట్టి, కొత్త గిన్నెలో, కొత్త గరిటెతో వండాను. కొబ్బరి నేనే కోరి పాలు పిండాను. ఆ కూర రెండింటికి పులిసిపోతుందని నాకు తెలుసు. వాళ్లొచ్చేది ఒంటిగంటకు.

షారోనుకిప్పుడు పన్నెండేళ్లు. ప్లేటు ముందు పెట్టగానే నాకేసి చూసింది.

"అంకుల్, ఇందులో ఏమేం ఉన్నాయండీ?"

తొమ్మిదీ చెప్పాను. సునీత గారు సూదిమందున్న సంచి ఒళ్లోకి తీసుకున్నారు. పిల్ల మూడు ముద్దలు తిని చెయ్యి ఆపింది. వాళ్లమ్మ గడియారం చూశారు. మామ్మగారు కళ్లు మూసుకున్నారు. ఇరవై నిమిషాలకు కూర చల్లారిపోయింది. వేడి చేసి తెస్తానన్నాను.

"ఏ పొయ్యి మీదండీ?" అన్నారు సునీత గారు. పెరట్లో పొయ్యి ఎప్పుడో ఆరిపోయింది.

"చల్లారినా పర్లేదండీ," అని షారోను మిగతాదంతా తినేసింది. ప్లేటులో ఎముకలు తప్ప ఏమీ మిగల్లేదు. "అంకుల్, ఒకటి కొట్టేయండి," అంది. నలభై ఒకటి కొట్టేసి నలభై అని రాశాను.

నేను మానేశాక రెండు మొదటి ఆదివారాలు గడిచాయి. కొత్త మేనేజరు మంచి కుర్రాడు, మర్యాద తెలిసినవాడు. కూరలో ఏమేం ఉన్నాయని షారోను అడిగితే, "అన్నీ బావుంటాయమ్మా, ఏం కాదు," అన్నాడట. సునీత గారు డబ్బా మూత తీశారని సత్తిబాబు ఫోను చేసి చెప్పాడు. ప్లేటు మాత్రం సత్తిబాబే కడిగి ఇచ్చాడట. రెండోసారి కూడా అంతే జరిగింది.

ఈ పనిలో చేరబోయేవాళ్లు ఆ కుర్రాడి స్థానంలో తమను పెట్టుకుని ఈ లెక్క చూసుకోవాలి. ఇవాళ్టికి బాకీ నలభై రెండు భోజనాలు.